డాబా కురుస్తున్నప్పుడు: కప్పు మరమ్మతుకు కాంట్రాక్టరును కుదుర్చుకునే పద్ధతి

గుంటూరు బ్రాడీపేటలో మా నాన్నగారు కట్టించిన ఇంటి డాబా మీద నేను రెండుసార్లు డబ్బు పోశాను. మొదటిసారి వచ్చిన కాంట్రాక్టరు పైకెక్కి ఒక చుట్టు తిరిగి, చదరపు అడుగుకు ఇంత అని రేటు చెప్పి, మూడు రోజుల్లో తెల్లటి పూత వేసి వెళ్ళిపోయాడు. మరుసటి వానాకాలంలో హాలు మూలన అదే చోట అదే మచ్చ మరికాస్త పెద్దదై కనిపించింది. ఫోను చేస్తే ‘మీ శ్లాబు పాతదండీ, నేనేం చేసేది’ అన్నాడు. రెండోసారి మరొకరితో, ఇంకాస్త ఖరీదైన పూతతో అదే కథ నడిచింది. ఆ మచ్చ మే నెల ఎండల్లో కూడా ఆరడం లేదని చివరకు మా అమ్మగారు గమనించారు. వాన చుక్క లేని కాలంలో చెమ్మ ఉంటే అది వాన నీరు కాదు కదా. నీళ్ళ ట్యాంకు నుంచి శ్లాబు గుండా వంటింట్లోకి దిగే పైపుకు శ్లాబు మందంలోనే ఉన్న అతుకు వదులైందని ఒక పాత తాపీ మేస్త్రి తేల్చాడు. దాన్ని సరిచేయడానికి ఒక పూట కూలీ, ఒక పైపు ముక్క సరిపోయాయి.

ఈ పనిలో మంచి కాంట్రాక్టరును వెతకడం రెండో మెట్టు. నీరు ఏ దారిన వస్తోందో తేలకముందు రేటు మాట్లాడకపోవడమే మొదటి మెట్టు. మిగిలినదంతా, అంటే కొటేషను, ఒప్పందం, డబ్బు చెల్లించే తీరు, పరీక్ష, ఆ మెట్టు మీదే నిలబడతాయి.

నీటి దారి కనుక్కోవడం

ఎవరికైనా ఫోను చేసే ముందు ఇంట్లో ప్రతి గది కప్పునూ పగటి వెలుగులో చూసి, మచ్చ ఉన్న ప్రతి చోటా దాని అంచు వెంట పెన్సిలుతో గీత గీసి, పక్కనే తేదీ రాయండి. తరువాతి వానకు మచ్చ ఆ గీత దాటిందా లేదా అన్నది ఎవరి అభిప్రాయంతోనూ పనిలేకుండా తెలుస్తుంది. వాన మొదలైన పావుగంటలోనే చుక్కలు పడుతుంటే, తెరిచి ఉన్న పగులు నుంచో పైపు పక్క సందు నుంచో నీరు నేరుగా దిగుతోందని అనుకోవచ్చు. వాన వెలిసిన మరునాడు నెమ్మదిగా చెమ్మ పాకితే, పైన వాటం సరిగా లేక నిలిచిన నీరు కాంక్రీటులోకి ఇంకుతోందని అనుకోవచ్చు. మచ్చ గోడ పైభాగాన అడ్డంగా చారలాగా ఉంటే పిట్టగోడ, శ్లాబు కలిసే మూలను అనుమానించాలి. మేడ మీద స్నానాలగది ఉండి, దాని కిందే ఏడాది పొడవునా చెమ్మ ఉంటే కప్పు మీద ఎంత ఖరీదైన పూత వేసినా ప్రయోజనం ఉండదు.

మచ్చకు సరిగ్గా పైనే రంధ్రం ఉంటుందని అనుకోవద్దు. శ్లాబులో వేసిన కరెంటు పైపుల వెంట నీరు పదడుగులు పాకి ఫ్యాను కొక్కెం దగ్గర చుక్కగా పడటం మామూలే. అలా ఫ్యాను దగ్గరో లైటు దగ్గరో నీరు కనిపిస్తే ముందు ఆ గది కరెంటు ఆపి ఎలక్ట్రీషియనును పిలవండి, కాంట్రాక్టరు సంగతి తరువాత చూడవచ్చు.

ఆ పైన డాబా ఎక్కండి. తూముల్లో ఆకులు పేరుకున్నాయేమో, నీరు నిలిచి ఆరిన మరకలు వలయాలుగా ఉన్నాయేమో, నాచు ఎక్కడ పట్టిందో, ట్యాంకు దిమ్మెల చుట్టూ పగుళ్ళున్నాయేమో చూడండి. డిష్ యాంటెన్నాకో సోలారు ఫలకాల స్టాండుకో శ్లాబులోకి బోల్టులు దించి ఉంటే వాటిని ఫొటో తీసి ఉంచండి. పిట్టగోడ పగులులో రావి మొక్క మొలిచి ఉంటే పైకి కనిపించేది పీకేసి ఊరుకోవద్దు. వేరు లోపలే ఉండి మళ్ళీ చిగురిస్తుంది, ఆ పగులును తెరిచి వేరు తీయించాలి.

అనుమానం రెండు మూడు చోట్ల ఉంటే ఒక్కొక్క భాగాన్ని వేరుగా పరీక్షించవచ్చు. తడి మట్టితోనో ఇసుక సంచులతోనో చిన్న మడి కట్టి, అందులో రంగు కలిపిన నీరు ఒకటి రెండు రోజులు నిలిపి, కింద ఆ రంగు దిగుతుందేమో చూస్తారు. అయితే కింద పెచ్చులు ఊడి కమ్మీలు బయటపడిన శ్లాబు మీద ఈ పరీక్ష చేయకూడదు. రెండు అంగుళాల లోతు నీరు చదరపు మీటరుకు దాదాపు 50 కిలోల బరువు. వెయ్యి చదరపు అడుగుల డాబా నిండా నిలిపితే అది నాలుగున్నర టన్నులు దాటుతుంది.

కప్పు రకాన్ని బట్టి పనివాడు

విజయవాడ వన్‌టౌన్‌లోనూ పాత గుంటూరులోనూ కొన్ని ఇళ్ళకు ఇప్పటికీ కాంక్రీటు శ్లాబు ఉండదు. టేకు దూలాల మీద సన్నటి ఇటుకలు నిలువుగా పేర్చి, పైన ఇటుక ముక్కల సున్నపు గచ్చు వేసిన మద్రాసు టెర్రస్ అది. ఆ గచ్చుకు బెల్లం నీరు, కరక్కాయ రసం కలిపేవారు. అలాంటి కప్పు మీద మందంగా సిమెంటు వేస్తే లోపలి చెమ్మ బయటకు పోయే దారి మూసుకుపోయి దూలాల కొసలు కుళ్ళుతాయి, పైగా బరువు పెరుగుతుంది. దీనికి సున్నం పని తెలిసిన మేస్త్రి కావాలి. అలాంటివారు తక్కువమంది ఉన్నారు కనుక వెతకడానికి సమయం పెట్టుకోవాలి. మంగళూరు పెంకుల ఇంటికి పెంకులు సర్ది, పాడైన వాసాలు, పెండెబద్దలు మార్చే వడ్రంగి ముఖ్యం.

రేకుల కప్పు విషయంలో గాలిని మరిచిపోకూడదు. భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం విజయవాడకు ప్రాథమిక గాలి వేగాన్ని సెకనుకు 50 మీటర్లుగా, అంటే గంటకు 180 కిలోమీటర్లుగా తీసుకొమ్మంటుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను తీరం దాటింది మనకు దూరంగా ఏమీ కాదు, బాపట్ల దగ్గర. కాబట్టి రేకు మందం ఎంతో అడిగినట్లే, ఎన్ని అడుగులకు ఒక కొక్కెం బోల్టు వేస్తారో, అంచుల్లోనూ మూలల్లోనూ అదనంగా వేస్తారో లేదో, ఇనుప చట్రాన్ని గోడకు ఎలా బిగిస్తారో కూడా అడగాలి. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ నార ఉంటుంది. వాటిని పగలగొట్టినా పొడిగా కోసినా వచ్చే దుమ్ము ఊపిరితిత్తులకు హానికరం కనుక, తడిపి, బోల్టులు విప్పి, రేకును పూర్తిగా దించాలని ముందే చెప్పండి. అవి పెళుసు రేకులు. మనిషి నేరుగా వాటి మీద కాలుపెట్టకుండా పలకలు వేసుకుని నడవాలి.

ఇక మన ఊళ్ళలో ఎక్కువ ఇళ్ళకు ఉన్నది కాంక్రీటు శ్లాబే కనుక ఇక్కడి నుంచి దాని గురించే చెబుతాను.

మరమ్మతు సరిపోతుందా, శ్లాబు మార్చాలా

శ్లాబు అడుగున పెచ్చులు ఊడి తుప్పుపట్టిన కమ్మీలు కనిపిస్తుంటే అది కేవలం లీకేజీ పని కాదు. ఇనుము తుప్పు పట్టినప్పుడు కొన్ని రెట్లు ఉబ్బి, తన కింద ఉన్న కాంక్రీటును తోసేస్తుంది. కాంక్రీటు పనికి సంబంధించిన భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం మామూలు పరిస్థితుల్లో శ్లాబు కమ్మీకి 20 మిల్లీమీటర్ల కవరింగ్, అంటే దాన్ని కప్పే కాంక్రీటు మందం, ఉండాలి. పాత ఇళ్ళలో చాలాచోట్ల అందులో సగం కూడా కనిపించదు. ఈ దశలో కాంట్రాక్టరు కంటే ముందు స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవాలి. ఆయన సుత్తితో తట్టి డొల్ల శబ్దం వచ్చే మేర గుర్తిస్తారు, కమ్మీ ఎంత సన్నబడిందో కొలుస్తారు, అవసరమైతే కాంక్రీటు గట్టిదనాన్ని అంచనా వేసే రీబౌండ్ హ్యామర్ పరీక్ష చేయిస్తారు. తాజాగా చెక్కిన కాంక్రీటు మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లడం మరొక పరీక్ష. గులాబీ రంగు వస్తే ఆ మేర కాంక్రీటు ఇంకా ఇనుమును కాపాడగల స్థితిలో ఉన్నట్లు, రంగు రాకపోతే ఆ గుణం పోయినట్లు. ఇంజనీరుకు ఇచ్చే రుసుము వృథా ఖర్చని అనుకునేవారు చాలామంది ఉన్నారు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. కానీ పని అమ్ముకోవలసిన అవసరం లేని మనిషి చెప్పే మాటకు విలువ వేరు. సివిల్ విభాగం ఉన్న ఇంజనీరింగ్ కళాశాలలో అడిగినా పరీక్షలు చేసేవారి వివరం దొరకవచ్చు.

గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి నేలలో కట్టిన ఇళ్ళకు ఇంకొక సంగతి ఉంది. ఆ నేల వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుంటుంది. గోడల్లో ఏటవాలు పగుళ్ళు ఏటేటా వేసవిలో తెరుచుకుని వానల్లో మూసుకుంటుంటే లోపం పునాదిలో ఉండవచ్చు. అప్పుడు డాబా మీద గట్టి పూత వేసినా మరుసటి ఏడాది అదే గీత వెంట చీలుతుంది.

శ్లాబు తీసి కొత్తది వేయాలని తేలితే అది ఇల్లు కట్టినంత పని. దానికి డ్రాయింగు, కమ్మీల లెక్క, కనీసం ఎం 20 గ్రేడు కాంక్రీటు, 28 రోజుల క్యూబ్ పరీక్ష (అదే కాంక్రీటుతో పోసిన దిమ్మెల బలం చూడడం) ఉండాలి, సెంట్రింగు తీసే తేదీ ఇంజనీరు చేతిలో ఉండాలి. శ్లాబు మార్చాలన్నా, పైన గది లేపాలన్నా ముందుగా నగరపాలక సంస్థ ప్లానింగ్ విభాగంలో అడిగి అనుమతి సంగతి తేల్చుకోండి. పూతలకూ పెచ్చుల మరమ్మతుకూ ఆ తిరుగుడు సాధారణంగా ఉండదు.

ఏ నెలలో చేయించాలి

లోపం వానాకాలంలో చూసి పెట్టుకోవాలి, పని సంక్రాంతి తరువాత చేయించాలి. ఫిబ్రవరి, మార్చి నెలలు అన్నిటికన్నా అనుకూలం: శ్లాబు ఆరి ఉంటుంది, పనివాళ్ళు దొరుకుతారు, ఎండ మరీ మండదు. రోహిణి కార్తెలో మన డాబా మీద కాలు పెట్టలేం. అంత వేడి మీద వేసిన పూత పైన తోలు కట్టి లోపల ఆరక బుడగలు లేస్తుంది కనుక ఆ రోజుల్లో చేయిస్తే తెల్లవారుజామునే మొదలుపెట్టి ఎండెక్కేలోపు ఆపాలి. పైగా ఒడియాలకూ ఆవకాయ మిరపకాయలకూ డాబా కావలసిన కాలం కూడా అదే. పని జరిగే వారం పది రోజులు ఎవరూ పైకి వెళ్ళకూడదని ఇంట్లో ముందే చెప్పుకోవాలి. మృగశిర దాటాక అందరికీ ఒకేసారి లీకులు గుర్తుకొస్తాయి. అప్పుడు కాంట్రాక్టరు చెప్పిందే రేటు.

ఎవరిని పిలవాలి

మన దగ్గర ఈ పని చేసేవారు మూడు రకాలు. తాపీ మేస్త్రి తన ముఠాతో వచ్చి కూలీకి పనిచేస్తాడు, సామాను మనం కొనివ్వాలి. పైపు సందులు, పగుళ్ళు, వాటం సరిచేయడం వంటి చిన్న పనికి ఇతనే ఉత్తమం. రెండోవారు వాటర్‌ప్రూఫింగ్ కంపెనీల దగ్గర శిక్షణ పొంది ఆ పూతలు వేసే అప్లికేటర్లు; సామాను, కూలీ కలిపి చదరపు అడుగు లెక్కన తీసుకుంటారు. మూడోవారు భవనాల కాంట్రాక్టర్లు, పెద్ద పని ఒప్పుకుని ఇతరులకు అప్పగిస్తారు. మూడోవారితో మాట్లాడేటప్పుడు పని నిజంగా ఎవరు చేస్తారో, రోజూ ఎవరు దగ్గర ఉంటారో అడిగి ఒప్పందంలో రాయించాలి.

పేర్ల కోసం ప్రకటనల కంటే మీ వీధిలో తిరగడం మేలు. మూడు వానాకాలాల కిందట పని చేయించిన ఇల్లు చూడండి. నిన్న వేసిన పూత ఎవరిదైనా తెల్లగానే ఉంటుంది. పట్టాభిపురంలోనో పటమటలోనో ఫలానా ఇంటికి చేశానని కాంట్రాక్టరు చెబితే ఆ ఇంటివారిని మూడు ప్రశ్నలు అడగండి: మళ్ళీ కురిసిందా, కురిస్తే పిలిచినప్పుడు వచ్చాడా, చివరి బిల్లు మొదట చెప్పిన దానికన్నా ఎంత పెరిగింది. సామాను అమ్మే దుకాణంలో కూడా అడగవచ్చు, కానీ తన దగ్గర కొనే మనిషినే దుకాణదారు చెబుతాడని గుర్తుంచుకోండి.

కంపెనీ అప్లికేటరునని చెప్పుకునే వ్యక్తి కార్డును నమ్మకుండా, ఆ కంపెనీ వినియోగదారుల నంబరుకు ఫోను చేసి అతని పేరు జాబితాలో ఉందో లేదో కనుక్కోండి. జీఎస్‌టీ బిల్లు ఇస్తానంటే నంబరు అడగండి. అందులో 15 అక్షరాలుంటాయి, ఆంధ్రప్రదేశ్‌లో నమోదైనదైతే 37తో మొదలవుతుంది, జీఎస్‌టీ పోర్టల్‌లో కొడితే వ్యాపారం పేరు, నమోదు అమలులో ఉందో లేదో ఉచితంగా కనిపిస్తాయి. ఏడాదికి 20 లక్షల రూపాయలు దాటని సేవల వ్యాపారానికి సాధారణంగా నమోదు తప్పనిసరి కాదు కనుక చిన్న మేస్త్రికి నంబరు లేకపోవడం తప్పు కాదు. నంబరు లేకుండా బిల్లులో 18 శాతం జీఎస్‌టీ కలపడం మాత్రం ముమ్మాటికీ తప్పు.

తుపాను మరునాడో వరద తగ్గిన వారానికో తలుపు తట్టి, పక్క వీధిలో పని చేస్తున్నాం, సామాను మిగిలింది, తక్కువకు వేస్తామనేవారిని మర్యాదగా పంపించేయండి. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు ఎన్ని ఇళ్ళు నీట నానాయో చూసినవారికి, అలాంటి రోజుల్లో మనిషి ఎంత తొందరలో ఉంటాడో తెలుసు. ఆ తొందరలో ఇచ్చిన అడ్వాన్సు తిరిగి రాదు.

కొటేషను చదవడం

కనీసం ముగ్గురిని పిలవండి, ముగ్గురికీ ఒకే మాట చెప్పండి, మీరు గీత గీసిన మచ్చలూ ఫొటోలూ ఒకేలా చూపించండి. పైకెక్కకుండా ఫోనులోనే రేటు చెప్పేవారిని పక్కన పెట్టండి. వచ్చిన మనిషి తూములు చూశాడా, తట్టి చూశాడా, కింద గదుల్లోకి వచ్చి మచ్చ చూపించమన్నాడా అన్నది గమనిస్తే అతని పనితనం సగం అప్పుడే తెలుస్తుంది.

చదరపు అడుగు రేట్లు పక్కపక్కన పెట్టి తక్కువది ఎంచుకుంటే మోసపోతాం, ఎందుకంటే ఒకరు డాబా కొలత మాత్రమే లెక్కవేస్తారు, మరొకరు పిట్టగోడ మీదికి అడుగు ఎత్తు వేసేదీ, ట్యాంకు దిమ్మెలూ, మెట్లగది అంచులూ కలుపుతారు. టేపు పట్టుకుని ఇద్దరూ కలిసి కొలిచి, ఆ కొలతనే ముగ్గురికీ ఇవ్వాలి. పాత పూత గీకి తీయడం, పగుళ్ళు తెరిచి నింపడం, పిట్టగోడ మూలను గుండ్రంగా తీర్చడం, తూముల చుట్టూ సీలు చేయడం, వాటం సరిచేయడం, చెత్త ఎత్తించడం: వీటిలో ఏవి రేటులో కలిసి ఉన్నాయి, ఏవి విడిగా అన్నది కాగితం మీద ఉండాలి. అసలు ఖర్చు దాగేది పూతలో కాదు, ఈ ముందస్తు పనుల్లోనే.

సామాను పేరు, రకం, పరిమాణం రాయించండి. ‘మంచి కంపెనీ వాటర్‌ప్రూఫింగ్, మూడు కోటింగులు’ అన్న వాక్యానికి అర్థం లేదు. ఒక లీటరు రెండు కోటింగులకు ఎంత మేర వస్తుందో డబ్బా మీదో కంపెనీ పత్రంలోనో ఉంటుంది. ఉదాహరణకు లీటరుకు 20 చదరపు అడుగులని ఉంటే వెయ్యి అడుగుల డాబాకు 50 లీటర్లు, అంటే 20 లీటర్ల డబ్బాలు రెండున్నర కావాలి. ఒక్క డబ్బాతో సరిపెడతానన్నవాడు నీళ్ళు కలుపుతాడన్నమాట. గ్యాస్ మంటతో అతికించే తారు మెంబ్రేన్ (చుట్టగా వచ్చే తారు పొర) అయితే, మీటరు వెడల్పు, పది మీటర్ల పొడవు ఉండే చుట్ట పేరుకు పది చదరపు మీటర్లైనా, పక్క అతుకుకు పది సెంటీమీటర్లు పోగా దాదాపు తొమ్మిదే కప్పుతుంది. వెయ్యి అడుగులంటే 93 చదరపు మీటర్లు కనుక, పిట్టగోడ మీదికి ఎక్కించేది కాకుండానే పది చుట్టలు దాటాలి.

ఏ పద్ధతి మంచిదన్న ప్రశ్నకు నా ఉద్దేశం ఇది. పగుళ్ళు సన్నవై, వాటం బాగుంటే అక్రిలిక్ పూత చాలు, కొన్నేళ్ళకు మళ్ళీ వేయించుకోవాలి. నీరు నిలిచే డాబాకు అది పనికిరాదు, అక్కడ ముందు వాటం సరిచేయాలి. వంద అడుగులకు ఒక అడుగు దిగేంత వాలైనా ఉండాలి. రోజూ నడిచే డాబా మీద పూతను అలాగే వదలకుండా పైన సిమెంటు పొరో టైల్సో వేయించాలి. ఇటుక ముక్కలు పరిచి సిమెంటుతో నింపే కోబా నమ్మకమైన పాత పద్ధతే, కానీ నాలుగంగుళాల మందానికి చదరపు మీటరుకు దాదాపు 180 నుంచి 200 కిలోల బరువు పడుతుంది. మనుషులు తిరిగే డాబాకు డిజైనులో తీసుకునే మామూలు బరువే చదరపు మీటరుకు 150 కిలోలు. పాత కోబా తీయకుండా దాని మీద మరొకటి వేస్తానంటే ఇంజనీరును అడగకుండా ఒప్పుకోవద్దు.

ఒప్పందం, డబ్బు

పని చిన్నదైనా కాగితం రాసుకోండి. మేస్త్రి నొచ్చుకుంటాడేమోనని మనవాళ్ళు మొహమాటపడతారు. నిజానికి మంచి మేస్త్రికి అది రక్షణ, ఎందుకంటే మధ్యలో మనం చెప్పే అదనపు పనులకు డబ్బు అడిగే ఆధారం అతనికి కూడా దొరుకుతుంది. అందులో కొలత, పద్ధతి, సామాను పేరు, పరిమాణం, మొదలు, ముగింపు తేదీలు, వాన వస్తే ఏమిటన్నది, కరెంటు, నీళ్ళు ఎవరివి, చెత్త ఎవరు ఎత్తించాలి, అదనపు పని ముందుగా వాట్సాప్‌లో రాసి ఒప్పుకున్నాకే చేయాలన్న షరతు ఉండాలి.

గ్యారంటీ దగ్గర ఆగి చదవండి. కంపెనీ ఇచ్చే గ్యారంటీ చాలాసార్లు సామానుకే పరిమితం. లీకు వస్తే మరో డబ్బా ఇస్తారు, కూలీ మనదే. కాంట్రాక్టరు ఇచ్చే గ్యారంటీలో లీకు చెప్పిన ఎన్ని రోజుల్లో వస్తాడో, కూలీ, సామాను రెండూ అతనివేనా, ఏ కారణాలకు వర్తించదో రాయించాలి. ‘పదేళ్ళ గ్యారంటీ’ అని నోటితో చెప్పే మనిషి కంటే ‘మూడేళ్ళు, వారం రోజుల్లో వచ్చి చూస్తాను’ అని సంతకం పెట్టే మనిషి నయం.

డబ్బు పనికి వెనకాల నడవాలి, ముందు నడవకూడదు. సామాను మనమే కొంటే అడ్వాన్సు అవసరం చాలా తక్కువ. సామానుతో సహా ఒప్పుకుంటే నేను పాటించే లెక్క ఇది: పదిహేను శాతం బయానా, సామాను సీలుతో ఇంటికి చేరాక ముప్ఫై, శుభ్రం చేయడం, పగుళ్ళ పని చూశాక ఇరవై, పూత, నీటి పరీక్ష పూర్తయ్యాక ఇరవై అయిదు, మొదటి గట్టి వాన తరువాత చివరి పది. ఆ చివరి పదికి చాలామంది ఒప్పుకోరు. గడువు ఆగస్టు ఆఖరని తేదీ పెడితే కొందరు ఒప్పుకుంటారు. చెల్లింపు యూపీఐలోనో బ్యాంకు ద్వారానో జరిపి, ఏ దశకు ఎంత అన్నది అక్కడే రాయండి.

పనివాళ్ళ క్షేమం గురించి కూడా ఆ రోజే మాట్లాడాలి. అంచుల దగ్గరా సన్‌షేడుల మీదా పనిచేసేవారికి సేఫ్టీ బెల్టు, గట్టి పరంజా కాంట్రాక్టరే ఇవ్వాలి. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ఏడాదికి 20 రూపాయలకు 2 లక్షల రూపాయల ప్రమాద బీమా ఇస్తుంది. ముఠాలో అందరికీ అది ఉందో లేదో అడగడానికి సంకోచించనక్కరలేదు.

పని జరిగే రోజుల్లో

మొదటి రోజు మీరు ఇంట్లో ఉండి తీరాలి, ఎందుకంటే పూత వేసే రోజు కంటే గీకే రోజు ముఖ్యం. నాచు, పాత పూత, దుమ్ము పూర్తిగా పోయాక చేత్తో రుద్దితే వేలికి పొడి అంటకూడదు. పగుళ్ళను పైపైన నింపకుండా ఇంగ్లీషు వీ ఆకారంలో తెరిచి, ఊది శుభ్రం చేసి, పాలిమర్ కలిపిన మిశ్రమంతో నింపాలి. ఆ ఫొటోలు తీసుకోండి, పూత పడ్డాక అడుగున ఏం జరిగిందో ఎవరికీ కనిపించదు.

పెచ్చుల మరమ్మతులో జరిగే పెద్ద అన్యాయం తుప్పు మీదే సిమెంటు పూయడం. డొల్ల కాంక్రీటునంతా చెక్కి, కమ్మీ వెనక్కి కూడా వేలు పట్టేంత ఖాళీ తెరిచి, తీగ బ్రష్‌తో తుప్పు వదిలించి, జింకు ప్రైమరు వేసి, ఆపై పాలిమర్ మోర్టారుతో పొరలుగా నింపాలి. బాగా సన్నబడిన కమ్మీ పక్కన కొత్తది కట్టాలో లేదో ఇంజనీరు చెబుతారు. ఎక్కువ మేర చెక్కేటప్పుడు కింద ఆనికలు నిలబెట్టకుండా సుత్తి ఎత్తనివ్వకండి.

డబ్బాలు మీ ఎదుటే తెరవాలి, తయారీ తేదీ చూడాలి, ఖాళీ డబ్బాలను పని ముగిసేదాకా మెట్ల కింద పెట్టించాలి. రోజూ సాయంత్రం వాటిని లెక్కపెట్టడం మా అమ్మగారు నేర్పిన తనిఖీ. రెండోసారి కాంట్రాక్టరు డబ్బాలు తక్కువ తెచ్చాడని ఆవిడే పట్టుకున్నారు. మొదటి కోటు నిలువుగా వేస్తే రెండోది అడ్డంగా వేయించండి, రెంటి మధ్య కంపెనీ చెప్పినంత వ్యవధి ఇవ్వండి. సిమెంటు పని అయితే నీళ్ళు పట్టడం మానకండి. మన ఎండల వంటి వేడి పొడి వాతావరణంలో కాంక్రీటుకు కనీసం 10 రోజులు, పీపీసీ వంటి మిశ్రమ సిమెంటుకైతే 14 రోజుల దాకా తడి ఉంచడం మంచిదని ఐఎస్ 456 చెబుతుంది. కాంట్రాక్టరు మనిషి రెండు రోజులు పట్టి మానేస్తాడు. గోనెపట్టాలు పరిచి ఆ పని మనమే చేసుకోవడం మేలు.

నీటి పరీక్ష

పూత పూర్తిగా ఆరాక తూములు మూసి, ఒకటి రెండు అంగుళాల నీరు 48 గంటలు నిలిపి, కింద పెన్సిలు గీతలను మళ్ళీ చూడండి. ఇంజనీరు బరువు వద్దన్న శ్లాబుకు దీనికి బదులు పైపుతో భాగాలవారీగా తడిపి చూస్తారు. నీరు వదిలేటప్పుడు అన్ని తూములూ సమంగా లాగుతున్నాయా, గంట తరువాత ఎక్కడైనా మడుగు మిగిలిందా అన్నది అప్పుడే తెలుస్తుంది. మడుగు మిగిలితే ఆ దశ డబ్బు ఆపండి. బిల్లు, గ్యారంటీ కాగితం, సామాను బ్యాచి నంబర్ల ఫొటోలు, పని ఫొటోలు ఒకే చోట దాచండి.

అపార్ట్‌మెంటు అయితే, మాట తప్పితే

పై అంతస్తు ఫ్లాటు కురిస్తే ఖర్చు ఆ ఇంటివారిదేనని వాదించే అసోసియేషన్లు ఉన్నాయి. డాబా ఉమ్మడి భాగం. ఏ ఒక్కరి పేరునా అమ్ముడుపోనంత వరకు దాని మరమ్మతు అందరి బాధ్యత. సమావేశం తీర్మానం రాసి, కొటేషన్లు అందరికీ చూపి, ఒప్పందం అసోసియేషన్ పేరున చేయించాలి. కొత్త ఫ్లాటులో, స్వాధీనం చేసుకున్న అయిదేళ్ళలోపు నిర్మాణ లోపమో పనితనం లోపమో బయటపడితే, రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం 14వ సెక్షను ప్రకారం బిల్డరు ఫిర్యాదు అందిన 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. కాబట్టి సొంతంగా కాంట్రాక్టరును పిలిచే ముందు బిల్డరుకు రాతపూర్వకంగా తెలియజేయండి.

గ్యారంటీలో ఉండగా కాంట్రాక్టరు రాకపోతే, ఫోనులో గొడవపడటం ఆపి, మచ్చ ఫొటోలతో తేదీ వేసి స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం పంపండి, పదిహేను రోజుల గడువివ్వండి. అప్పటికీ కదలకపోతే 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనులో నమోదు చేయవచ్చు. ఆ తరువాతి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషను. కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్ళలోపు ఫిర్యాదు వేయాలి, చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపైతే రుసుము లేదు, వకీలు లేకుండా మనమే వాదించుకోవచ్చు. అక్కడ అడిగేవి ఒప్పందం, చెల్లింపుల రుజువు, ఫొటోలు. ఒప్పందం లేకపోయినా, యూపీఐ చెల్లింపులూ వాట్సాప్ సందేశాలూ ఉంటే వాటిని తేదీల వరుసలో అచ్చు తీయించి జతచేయండి.